చుక్క లేని నత్త

నత్తలకు ఒక గది, ఆ గదికి ఒక తాళం, ఆ తాళానికి ఒక మనిషి. ఆ మనిషే మన కథలో కోడలు. జంతుశాలలో ఆమెను అందరూ నత్తలక్క అంటారు. డైరెక్టరు కూడా హడావుడిలో ఉంటే, "ఆ నత్తలక్కను ఒకసారి పిలవండి" అనేస్తాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆమె కోడలే. అత్తగారున్న ఇంట్లో మిగతా హోదాలన్నీ గుమ్మం బయటే ఆగిపోతాయి మరి.

ఆ గది ఏనుగుల మేత గోదాం వెనకాల ఉంటుంది. జంతుశాల చూడ్డానికి వచ్చేవాళ్లెవరూ అటు రారు. వచ్చినా చూసేందుకు ఏముంది? తలుపు తీస్తే చల్లగాలి, తడి ఆకుల వాసన, గోడల పొడవునా అరలు, అరల నిండా మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు. పెట్టెల్లో తడిపిన మెత్తటి కాగితం, దాని మీద చిటికెనవేలి గోరంత నత్తలు. గోధుమరంగు పెంకు, దాని మీద సన్నటి పసుపు చార. రోజూ పొద్దున్నే పాత కాగితం తీసి కొత్తది పరవాలి. ఓట్స్ పిండి, ఎండాకు పొడి, సుద్దపొడి కలిపిన ముద్దను పెట్టె గోడకు పూయాలి. పాత కాగితాన్ని ఊరికే చెత్తబుట్టలో పడేయకూడదు, దీపం ముందు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడాలి. ఈ నత్తలు గుడ్లు పెట్టవు, ఒక్కొక్క పిల్లనే కంటాయి. ఆ పిల్ల నువ్వుగింజంత ఉండి, కాగితం మడతలో ఎక్కడో నక్కి ఉంటుంది. చూడకుండా పారేస్తే లోకంలో ఒక నత్త తగ్గిపోయినట్టే.

లోకంలో అంటే నిజంగా లోకంలోనే. ఎక్కడో సముద్రం మధ్య ఒక దీవి, దాని మీద ఒక కొండ. ఒకప్పుడు ఆ కొండ అడవిలో ఏ ఆకు తిప్పినా ఈ నత్తలే. పొలాల్లో పురుగుల్ని తింటుందని ఎవరో మహానుభావులు ఇంకో జాతి నత్తను పట్టుకొచ్చి వదిలారు. అది పురుగుల జోలికే పోలేదు. వీటిని మాత్రం వెతుక్కుని మరీ తిని కూర్చుంది. మిగిలిన గుప్పెడు నత్తల్ని కొన్ని దేశాలు తలా కాసిని పంచుకున్నాయి, ఒకచోట కరెంటు పోయి అన్నీ చచ్చినా ఇంకోచోట మిగలాలని. ఆ దేశాలన్నీ కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. అలా అడవి ముఖమే ఎరగని నత్తలు తరతరాలుగా పెట్టెల్లోనే పుట్టి, పెట్టెల్లోనే ముసలివైపోతూ వచ్చాయి.

తిండి కరువై ఆ తినే నత్త బెడద తీరింది, హమ్మయ్య అనుకునేసరికి ఎండలు పట్టుకున్నాయి. కొండ కింది అడవి ఎండిపోయింది. పొగమంచు పట్టే చోటు ఏటేటా పైకి జరిగిపోయింది. కూటమివాళ్లు ఆలోచించీ చించీ, చివరికి శిఖరం దగ్గర, ఎప్పుడూ తడిగా ఉండే అడవిలో వీటిని వదలాలని తేల్చారు. అక్కడ బతుకుతాయని వాళ్లకు నమ్మకమే. పిల్లల్ని కంటాయో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. కంటే, ఆ శిఖరం అడవినంతా ఎవరూ ముట్టుకోకుండా కూటమి దేశాలు కాపాడతాయి, గదుల్లో మిగిలిన నత్తలు కూడా అక్కడికే పోతాయి. కనకపోతే ఈ జాతి మీద ఆశ వదిలేసుకుని, గదుల్ని వేరే ప్రాణులకు ఇచ్చేస్తారు. ఎందుకంటే ఆ పైన ఇక కొండ లేదు, ఆకాశమే.

అదీ సంగతి. కోడలి ప్రాణమంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే కొట్టుకుంటోంది.

ఆమె భర్త ఏసీ మెకానిక్కు. ఎండలు ముదిరేకొద్దీ ఆయన ఫోనుకు ఊపిరాడదు. "లోకం మాడిపోతుంటే నేను బాగుపడుతున్నాను, చెప్పుకుంటే సిగ్గుచేటు" అంటాడు. నత్తల గదిని చల్లబరిచే మిషన్ కూడా ఆయన చేతిలోదే. అది ఆగిందని కబురొస్తే తింటున్న కంచం దగ్గర నుంచి లేచి పరిగెత్తాల్సిందే. సొంత ఇంట్లో ఏసీ ఆగి రెండు ఎండాకాలాలు దాటింది, దాని వంక చూసే తీరిక మాత్రం దొరకలేదు. "ఈ ఇంట్లో నత్తగా పుట్టినా సుఖపడేదాన్ని" అని అత్తగారు అట్టముక్కతో విసురుకుంటూ దెప్పుతుంటారు.

అత్తగారు వాచీలు బాగుచేసే మనిషి. వీధి మలుపులో అద్దాల బల్ల వేసుకుని, ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత చక్రాలను పట్టకారుతో ఎత్తిపెడుతూ జీవితం గడిపారు. ఆవిడ చెయ్యి వణకడం చూసినవాడు లేడు. ఆ మధ్య దుకాణం మూసేశారు. "ఇప్పుడెవరికి కావాలి వాచీలు? అందరి జేబుల్లోనూ ఫోన్లేగా" అన్నారు. నిజమే కదా అని ఇంట్లో అందరూ నమ్మేశారు.

కొండకు పంపే ముందు ప్రతి నత్త పెంకు మీదా చిన్న రంగు చుక్క పెట్టాలి. ఊదారంగు టార్చి వేస్తే అది మిణుకుమంటుంది, అడవిలో వెతికేవాళ్లకు దొరుకుతుంది. అసలు విషయం అది కాదు. వదిలిన నత్తలన్నిటికీ చుక్క ఉంటే, చుక్క లేని నత్త కనపడిన రోజున అది పెట్టెలో పుట్టింది కాదని, అక్కడే పుట్టిందని అర్థం. కూటమి మొత్తం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేది ఆ చుక్క లేని నత్త కోసమే.

గోరంత పెంకు మీద ఆవగింజంత చుక్క, అదీ నత్త లోపలికి ముడుచుకునేలోపు. ఇంకెవరివల్ల అవుతుంది? కోడలు అత్తగారినే వెంటబెట్టుకుని వెళ్లింది. అత్తగారు వాచీలకు నూనె వేసే సూది పట్టుకుని, కోడలు వేసిన కుర్చీలో దర్జాగా కూర్చున్నారు.

"దిష్టిచుక్కలా అమ్మా?" అన్నాడు మిషన్ చూడ్డానికి వచ్చిన కొడుకు.

"నీకు పెట్టి ఉంటే ఈపాటికి బాగుపడేవాడివి" అన్నారు ఆవిడ తలెత్తకుండా. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఇందులో మగదేదే, ఆడదేదే?" అని అడిగారు.

"తేడా లేదత్తయ్యా. ప్రతిదీ మగా, ఆడా కూడా."

"అయితే వీటికి అత్తాకోడళ్ల గొడవే లేదన్నమాట. పెట్టి పుట్టాయి."

ఒక్కో పెట్టె అవగానే కోడలు దీపాలార్పి, ఊదా టార్చి వేసి సరిచూసింది. అన్నీ ముచ్చటగా మెరిశాయి. ఆఖరి పెట్టె దగ్గరికి వచ్చేసరికి విమానాశ్రయానికి వెళ్లే బండి బయట హారన్ మీద హారన్ కొడుతోంది. ఎండలో బండి ఆగేకొద్దీ నత్తలకు ముప్పు. అత్తయ్య చెయ్యి పడ్డాక ఇంకా చూసేదేముందిలే అనుకుని కోడలు మూత బిగించేసింది. బండి కదిలాక ఇద్దరూ మేత గోదాం నీడలో కూర్చుని టీ తాగారు.

దీవిలో వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి.

ఒక పొద్దున కోడలు పాత కాగితం దీపానికి పట్టి చూస్తుండగా డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం జంతుశాలలో ఎవరూ చూడలేదు, ఏ పులో తప్పించుకుందనుకుంది ఆమె.

"దొరికింది! చుక్క లేనిది దొరికింది!"

కొండ మీద నత్తల్ని వెతికే మనిషికి కూటమిలో అందరూ పెట్టిన పేరు కొండావిడ. ఆ దీవిదే, ఆ అడవిలోనే పెరిగింది. పొగమంచులో ఒక ఆకు తిప్పితే పెద్ద నత్త ఒకటి తాపీగా పాకుతోందట. ఊదా టార్చి వేసింది. ఎక్కడా చుక్క లేదు. ఫొటో తీసి, దాన్ని ముట్టుకోకుండా అక్కడే వదిలేసి, కబురు పంపింది. కోడలు చేతిలో తడి కాగితంతోనే కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఏడవదూ మరి? ఎన్నేళ్ల ఎదురుచూపు అది.

ఎల్లుండి కూటమి సమావేశం. అక్కడ ఈ సంగతి అందరికీ ప్రకటించి, శిఖరం అడవి మీద సంతకాలు చేసేస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు కోడలి కాళ్లు నేల మీద లేవు. భర్త విని ఈల వేశాడు. "మా అమ్మ చుక్కలు పెట్టిన వేళావిశేషం!" అన్నాడు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. మంచినీళ్లు తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టారు. అది కిందపడి దొర్లుకుంటూ పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక కోడలు గిన్నెలు కడుగుతుంటే ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ రోజు ఆఖరి పెట్టె నువ్వు మళ్లీ చూశావా?"

"మీరు పెట్టాక మళ్లీ చూడ్డమేంటత్తయ్యా."

కోడలు వెనక్కి తిరిగింది. అత్తగారి ముఖం చూడగానే చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

"నాకు సరిగ్గా కనపడట్లేదే" అన్నారు అత్తగారు. "చాన్నాళ్లైంది. దుకాణం మూసింది ఫోన్ల వల్ల కాదు. ఒకాయన వాచీలో ముల్లు తిరగేసి బిగించాను. ఆయనేమీ అనలేదు గానీ నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజు నత్తలకు పెట్టాను, మొదట్లో బాగానే పెట్టాను. ఆఖరికి వచ్చేసరికి కళ్ల ముందు అంతా మబ్బు పట్టేసింది. చేత్తో తడిమి, అలవాటు మీద పెట్టుకుంటూ పోయాను. ఒకటీ అరా వదిలేశానేమో. వదల్లేదేమో కూడా. నాకు తెలీదు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"ఏమని చెప్పను? కళ్లు కూడా పోయాయంటే ఇంక ఈ ఇంట్లో నేనెందుకు? నువ్వు నన్ను పిలిచి కుర్చీ వేశావు. అంత గొప్పగా చూసుకున్నావు. కాదనడానికి మనసొప్పలేదు."

కోడలికి కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. కుళాయి కట్టేసింది. అత్తగారిది కళ్ల తప్పు. సరిచూడకుండా మూత బిగించింది ఎవరు?

మర్నాడు డైరెక్టరుకు చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు పాపం, కానీ ఆశ ఆయనకు మాత్రం ఉండదా?

"ఒకటి వదిలేశారని నీకు తెలుసా?"

"తెలీదు సార్."

"వదల్లేదని తెలుసా?"

"అదీ తెలీదు."

"మరి తెలియనిదాన్ని పట్టుకుని తెలిసినదాన్ని ఎందుకు చెడగొట్టడం? అడవి దక్కుతోంది. నీ నత్తలు ఇంటికి పోతాయి. రేపు ఒక్క గంట నోరు కట్టేసుకుంటే చాలు."

ఆయన మాటలు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉన్నాయి. నిజమే, నోరు కట్టేసుకుంటే చాలు. కానీ ఒకవేళ ఆ నత్త మన పెట్టెలోదే అయితే? ఆ చోట పిల్లలు పుట్టవని తెలియకుండానే గదుల్లోని నత్తలన్నిటినీ ఖాళీ చేసి కొండ మీద పెడతారు. అక్కడ అవి ఒక్కొక్కటీ ముసలివై చచ్చిపోతాయి. వెనక్కి తీసుకోవడానికి ఇక్కడ పెట్టెలో ఒక్కటి కూడా ఉండదు.

అన్ని దేశాల్లోనూ జనం మెలకువగా ఉండే వేళ చూసి సమావేశం పెట్టేసరికి ఇక్కడ సాయంత్రమైంది. కోడలు ఇంట్లోనే, భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. తెర నిండా చిన్న చిన్న గడుల్లో ముఖాలు. ఒకరి వెనక పుస్తకాల అరలు, ఒకరి వెనక నత్తల పెట్టెలు, ఒకాయన ఒళ్లో పిల్లి. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడితే, దుబాసీలు చెవుల్లో తర్జుమా చేస్తారు. అధ్యక్షురాలు జుట్టు నెరిసిన పెద్దావిడ, మాట మెత్తన. ప్రకటన చదవడానికి గొంతు సవరించుకుంది.

కోడలు చెయ్యెత్తింది.

"క్షమించాలి. ఆ నత్త మా గది నుంచి చుక్క లేకుండా వచ్చి ఉండొచ్చు. ఆఖరి పెట్టెను నేను సరిచూడలేదు. తప్పు నాది."

దుబాసీలు దాన్ని ఎన్ని భాషల్లోకి మార్చారో గానీ, అన్ని గడుల్లోనూ ముఖాలు ఒక్కసారే చిన్నబోయాయి. పిల్లి ఒక్కటే మామూలుగా ఉంది. డైరెక్టరు తన గడిలో కళ్లు మూసుకున్నాడు.

అంతలో కోడలి భుజం మీదుగా ఇంకో ముఖం తెర మధ్యలోకి దూసుకొచ్చింది. మరీ దగ్గరికి రావడంతో అందరికీ ముక్కూ కళ్లద్దాలే కనిపించాయి.

"తప్పు దానిది కాదండీ, నాది. చుక్కలు పెట్టింది నేను. నాకు చూపు సరిగ్గా లేదు. ఆ సంగతి ఇంట్లో దాచాను."

"ఈవిడ ఎవరు?" అని అడిగింది అధ్యక్షురాలు.

"మా అత్తగారండీ" అంది కోడలు చచ్చిపోయినంత సిగ్గుతో.

దుబాసీలు కాస్త తడబడ్డారు. ఆ తర్వాత గడి గడిలోనూ తలలు ఊగాయి. అత్తగారన్న మాట ఏ దేశంలోనైనా ఇట్టే అర్థమవుతుంది కాబోలు.

ప్రకటన ఆగిపోయింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, అదింకా బాధగా ఉంది కోడలికి. ఒకాయన నిట్టూర్చి, "ఇంత దాకా వచ్చి..." అని ఆపేశాడు. అప్పుడు కొండావిడ మాట్లాడింది. వెనక వాన చప్పుడు, తల మీద టోపీ, ముఖం మీద అలసట.

"వదిలినవన్నీ పెద్ద నత్తలే కదా. అయితే పిల్ల ఒకటి దొరికితే చాలు. పిల్లకు చుక్క ఉందా లేదా అని చూడక్కర్లేదు. అది అక్కడే పుట్టినట్టు."

"నువ్వుగింజంత పిల్లను ఆ అడవిలో ఎవరు పట్టుకోగలరు?" అన్నాడు పిల్లి ఆయన.

"నా ఒక్కదాని కళ్లు చాలవు. ఆకుల అడుగుభాగాలు ఫొటోలు తీసి పంపుతాను. ప్రతి ఆకునూ రెండేసి సార్లు తీస్తాను, మధ్యలో కెమెరా అద్దం మీద మంచు తుడుచుకోవాలి కాబట్టి. మీరంతా కూర్చుని వెతకండి."

అధ్యక్షురాలు తలూపింది. "ఈ వానలు ఆగేదాకా చూద్దాం. అప్పటికీ దొరకకపోతే నిర్ణయం తీసుకోక తప్పదు" అంది.

ఆ రాత్రి కొడుకు తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"నీకు మన ఇంటి ఏసీ చూసే తీరికే లేదు, నా కళ్లేం చూస్తావులే అని" అన్నారు అత్తగారు. అని నవ్వబోయి ఏడ్చేశారు.

మర్నాడే ఆవిడను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. శుక్లాలన్నాడు డాక్టరు. ముదరబెట్టుకున్నారని చీవాట్లు పెట్టి, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశాడు. కట్టు విప్పిన రోజున అత్తగారు ఇంట్లోకి రాగానే గోడలు, కిటికీలు, కొడుకు ముఖం అన్నీ కొత్తగా చూశారు. "ఒరేయ్, నీకు ఇంత జుట్టు ఎప్పుడు ఊడింది?" అని అడిగారు. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆ ఇంటి ఏసీ కూడా నడవడం మొదలుపెట్టింది.

ఆకులు మాత్రం వస్తూనే ఉన్నాయి. పెద్ద ఆకులు, చిన్న ఆకులు, పురుగు తిన్నవి, బూజు పట్టినవి. కూటమి వాటిని అన్ని దేశాలవాళ్లకీ పంచింది. ఒకరు నిద్రపోయే వేళకు ఇంకొకరు నిద్ర లేచి చూసేవారు. "ఇదేనా?" అని ఒకరు పంపితే, "కాదు, పురుగు గుడ్డు" అని ఇంకొకరు. "ఇది?" "మట్టి బెడ్డ." కోడలు పొద్దున పెట్టెల పని, మధ్యాహ్నం ఆకుల పని. కళ్లు మూసుకున్నా ఈనెలే కనపడేవి. దీవిలో వానలు పలచబడుతున్నాయని కొండావిడ రాసినప్పుడల్లా ఆమె ఇంకాస్త పొద్దుపోయేదాకా ఆకుల ముందు కూర్చునేది. జంతుశాలలో ఎవరో ఆ గది కొలతలు తీసుకుని వెళ్లారు, కప్పలకు ఇస్తారని చెప్పుకుంటున్నారు.

"నన్ను కూడా చూడనీవే" అన్నారు అత్తగారు ఒకరోజు.

"కంటికి శ్రమ వద్దన్నారు డాక్టరు."

"అన్నాళ్లు కనపడకుండా శ్రమపడ్డాను. ఇప్పుడు కనపడుతుంటే శ్రమేంటి?"

ఇక ఆపడం ఎవరితరం? కోడలు జంతుశాలకు వెళ్లగానే ఆవిడ కంప్యూటరు ముందు చేరేవారు. పాత అలవాటు కొద్దీ కంటికి భూతద్దం తగిలించుకునేవారు. "తెరను భూతద్దంలో చూస్తే గళ్లు తప్ప ఏం కనపడతాయమ్మా" అని కొడుకు మొత్తుకున్నా వినలేదు. రోజుల తరబడి ఏమీ దొరకలేదు. ఆవిడ విసుక్కోలేదు.

సెలవురోజు మధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ చల్లగా గుర్రుమంటోంది. భర్త సోఫాలో కునుకు తీస్తున్నాడు. కోడలు బట్టలు మడతపెడుతోంది.

"అమ్మాయ్, ఇలా రా."

కోడలు వెళ్లి చూసింది. మామూలు ఆకే, అడుగుభాగం. ఈనె పక్కన మెరిసే చిన్న మచ్చ.

"నీటిబొట్టు అత్తయ్యా. మంచు పడుతుంది కదా అక్కడ, ఇలాంటివి బోలెడు చూశాం."

"నేనూ అదే అనుకున్నాను. రెండో ఫొటో చూడు."

రెండో ఫొటోలో అదే ఆకు, అదే మచ్చ. కోడలికి తేడా ఏమీ కనపడలేదు. అత్తగారు సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో తెర మీద చూపించారు. "ఇందాక ఈనె చీలిన ఈ పాయకు కింద ఉంది. ఇప్పుడు పాయ దాటి పైన ఉంది. గంటల ముల్లు జరగడం ఎంతమందికి కనపడుతుంది? నేను జన్మంతా చూసింది అదే."

"గాలికి కదిలిందేమో..."

"నీటిబొట్టు కదిలితే కిందికి జారుతుందే. పైకి ఎందుకు ఎక్కుతుంది?"

కోడలు మడతపెట్టిన చొక్కాను గుండెకు అదుముకుని అలాగే నిలబడిపోయింది. ఆశపడాలంటే భయం వేసింది. ఒకసారి ఆశపడి, అందరి ఆశా తన చేత్తోనే తుంచేసింది. ఇది కూడా మట్టి బెడ్డే అయితే? మళ్లీ ఆ గడులన్నిటిలో ఆ ముఖాలు చూడాలా? అత్తగారి వంక చూసింది. ఆవిడ కొత్త కన్ను నీళ్లతో మెరుస్తోంది గానీ తెర మీద నుంచి పక్కకు పోలేదు.

"పంపవే" అన్నారు అత్తగారు. "కాకపోతే కాదంటారు. ఈ వయసులో నాకు పరువేంటి?"

కోడలు రెండు ఫొటోలూ కూటమికి పంపింది. కొండావిడ ప్రతి ఫొటోకూ చెట్టు గుర్తు రాసిపెట్టుకుంటుంది కాబట్టి, ఏ చెట్టో వెంటనే తెలిసిపోయింది. అక్కడ అప్పటికే పొద్దుపోయింది, తెల్లారాక వెళ్లి చూస్తానంది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చోలేదు. భర్త లేచి, విషయం విని, ఏం చేయాలో తోచక నడుస్తున్న ఏసీని విప్పి తుడిచి మళ్లీ బిగించాడు.

మర్నాడు కోడలు గదిలో పెట్టెల ముందు ఉండగా ఫోన్ మోగింది. ఇంటి నుంచి. "కంప్యూటరులో అందరూ వచ్చేశారే, నిన్ను అడుగుతున్నారు, నాకు వాళ్ల మాట తెలియట్లేదు, చెవిలో పెట్టుకునేది ఎక్కడ పెట్టావు?" అత్తగారు ఒక్క గుక్కలో అన్నారు. కోడలు డైరెక్టరు గదికి పరిగెత్తింది. ఆయన అప్పటికే తెర తిప్పి పెట్టాడు. ఒక గడిలో భోజనాల బల్ల ముందు అత్తగారు, ఆవిడ చెవిలో దుబాసీ గొంతు వినిపించే ఇయర్‌ఫోన్ పెడుతూ భర్త.

కొండావిడ గడిలో వాన వెలిసిన పొద్దుటి వెలుతురు. ఆమె ఏమీ మాట్లాడకుండా ఒక కొమ్మను వంచి, ఆకును మెల్లగా తిప్పి, పక్కన తన వేలిగోరు పెట్టింది. గోరు పక్కన నువ్వుగింజంత పెంకు. పారదర్శకంగా, పసుపు చార ఇంకా సరిగ్గా రానైనా రాకుండా. అది కొమ్ములు చాపి, వెలుతురు నచ్చలేదేమో, మళ్లీ ఆకు చాటుకు పాకడం మొదలుపెట్టింది. పైకే.

ఎవరో గట్టిగా ఏడ్చారు, ఏ దేశమో తెలీదు. డైరెక్టరు కుర్చీ వెనక్కి తన్ని లేచి నిలబడ్డాడు. కోడలు చేతుల్లో ముఖం దాచుకుంది. మొన్నటి పెద్ద నత్త ఎక్కడ పుట్టిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, ఇక తెలియాల్సిన పనీ లేదు. ఇది మాత్రం ఆ కొండ బిడ్డ.

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "దీన్ని మొదట చూసిన అత్తగారు ఏమైనా చెప్తారా?" అని అడిగింది. అత్తగారన్న ఆ మాటను ఆమె ఈసారి తన భాషలో కాదు, వీళ్ల భాషలోనే పలికింది, వంకరటింకరగా.

అత్తగారు తెరకు దగ్గరగా జరిగారు. ఈసారి ముక్కు తగిలేంత దగ్గరగా కాదు. ఆకు మీద పాకుతున్న దాన్ని కాసేపు తృప్తిగా చూసి, కోడలు ఎక్కడుందో వెతుక్కుని, ఆ గడి వైపు చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, దీనికి చుక్క లేదంటే మాత్రం తప్పు నాది కాదు."